ఠాణా లోపలి నేరం ఏ లెక్కలోకి వస్తుంది?

దిల్‌సుఖ్‌నగర్‌లో గానీ ఎల్.బి.నగర్‌లో గానీ కిరాయి ఇల్లు వెతుక్కునే ప్రతివాళ్ళూ అడిగే మాట ఒకటే. "ఈ ఏరియా సేఫేనా?" నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో కూతుర్ని కోచింగ్‌కి తెచ్చి హాస్టల్లో దించే తండ్రి అడుగుతాడు. అప్పు చేసి ఫ్లాటు కొనబోయే ఉద్యోగి అడుగుతాడు. "అన్నీ మంచి ఫ్యామిలీలే సార్, పరేషాన్ గాకుండ్రి" అంటాడు బ్రోకరు. మంచి ఫ్యామిలీలంటే ఏమిటో మనకి విడమర్చి చెప్పనక్కర్లేదు. పై అంతస్తు చూపించిన ఓనరమ్మ మెట్లు దిగుతూ "ఇంతకీ మీరేమిట్లు?" అని అడుగుతుంది. మన జవాబు విన్నాక, ఆ పోర్షను నిన్ననే ఎవరికో మాటిచ్చిన సంగతి ఆమెకి గుర్తొస్తుంది. ఈ ఏరియా భద్రతలో మనం కాపాడదగిన వాళ్ళమా, కనిపెట్టి ఉండదగిన వాళ్ళమా అన్నది ఆ మెట్ల మీదే తేలిపోతుంది.

ఆ తండ్రి ప్రశ్న తప్పని మేం అనడం లేదు. మన పిల్లలు కూడా ఆ హాస్టళ్ళలోనే, ఆరుగురికొక గదిలో ఉంటున్నారు. ఆడపిల్ల రాత్రి మెట్రో దిగి చీకటి గల్లీలో నడిచి క్షేమంగా గది చేరాలి. పల్లెని ఆకాశానికెత్తిన పెద్దమనుషుల్ని 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో నిలదీసిన అంబేద్కర్ మాట విని ఊరొదిలి వచ్చినవాళ్ళం మనం. పట్నంలో కులం పలచబడుతుందని, కనీసం పోలీసు ఠాణా దొర గడీకి దూరంగా ఉంటుందని నమ్మి వచ్చాం. అందుకే ఈ ఏరియా భద్రత గురించి అడిగే హక్కు అందరికన్నా మనకే ఎక్కువ. కాకపోతే మనం అడిగే ప్రశ్న వేరు. ఎవరి నుంచి ఎవరికి భద్రత?

ముందు లెక్కల సంగతి చూద్దాం. ప్రతి డిసెంబర్‌లో కమిషనర్లు విలేకరుల్ని పిలిచి పట్టికలు చూపిస్తారు. దొంగతనాలు ఇంత శాతం తగ్గాయి, గొలుసు దొంగతనాలు ఇంత తగ్గాయి. మేం బళ్ళో లెక్కలు చెప్పేవాళ్ళం. భిన్నం అంటే పైన లవం, కింద హారం అని చిన్న తరగతుల్లోనే నేర్పుతాం. నేరాల రేటు కూడా ఒక భిన్నమే. లక్ష జనాభాకి ఎన్ని కేసులు అన్నదే ఆ రేటు. కింది హారం చూడండి. 2021లో జరగాల్సిన జనాభా లెక్క ఆ ఏడు జరగలేదు. కాబట్టి 2011 లెక్కల మీద కట్టిన అంచనాలతోనే రేటు తీస్తూ వచ్చారు. నెలకో కొత్త కాలనీ పుట్టే ఎల్.బి.నగర్‌కి ఆ అంచనా ఎంతవరకు సరిపోతుందో ఆలోచించండి. ఇక పై లవం. అది జరిగిన నేరాల సంఖ్య కాదు. ఠాణాలో రాసుకున్న నేరాల సంఖ్య. రాయడానికి ఎస్సై ఒప్పుకుంటేనే నేరం నేరమవుతుంది. ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో నాలుగు నేరాలుంటే జాతీయ నేర గణాంకాల సంస్థ అన్నిటికన్నా పెద్దదాన్ని ఒక్కదాన్నే లెక్కిస్తుంది. దేశం మొత్తంలో 2022లో దళితుల మీద జరిగిన నేరాలు 57,582 అని ఆ సంస్థే రాసింది. అంతకు ముందు ఏడు 50,900. పోలీసు కలం దాటి కాగితం మీదికి వచ్చినవే ఇన్ని! "పోండిరా, మాట్లాడుకోండి" అని గేటు దగ్గర నుంచే పంపేసినవి ఏ పట్టికలో ఉంటాయి?

ఈ ఏరియా పేరు దేశమంతా మోగింది 2013 ఫిబ్రవరి 21న. సాయంత్రం ఏడు గంటలప్పుడు, జనం కిక్కిరిసిన వేళ, కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర సైకిళ్ళకి కట్టిన రెండు బాంబులు పేలాయి. 18 ప్రాణాలు పోయాయి. 130 మందికి పైగా గాయపడ్డారు. టిఫిన్ తినడానికొచ్చిన విద్యార్థులు, బస్సు కోసం నిలబడ్డ కూలీలు, బండ్ల వాళ్ళు. ఆ నెత్తురు మన నెత్తురు కూడా. 2016 డిసెంబర్‌లో ప్రత్యేక కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. బాంబుల తర్వాత 2013లోనే ప్రజా భద్రత పేరుతో ఒక రాష్ట్ర చట్టం వచ్చింది. జనం పోగయ్యే దుకాణాలు, ఆసుపత్రులు, బడులు కెమెరాలు పెట్టుకోవాలన్నారు. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా తలెత్తితే మెట్రో స్తంభాలు, తల తిప్పితే కెమెరాలు. మంచిదే. మరి ఆ కెమెరాల కింద, నాలుగైదు మైళ్ళ లోపల, మన వాళ్ళకి ఏం జరిగిందో చూద్దాం.

2021 సెప్టెంబర్ 9. సైదాబాద్ సింగరేణి కాలనీ. నల్లగొండ తండాల నుంచి, పల్లెల నుంచి వచ్చిన లంబాడీలు, దళితులు గుడిసెలు, రేకుల ఇళ్ళు వేసుకుని బతికే బస్తీ అది. ఆరేళ్ళ గిరిజన పసిపాప సాయంత్రం కనపడకుండా పోయింది. రాత్రికి పక్కింట్లో శవమై దొరికింది. బస్తీ బస్తీ చంపాపేట రోడ్డు మీద కూర్చుంటే గానీ అధికారులు కదల్లేదు. ఆ మర్నాడే ఒక సినిమా హీరో బైకు మీద నుంచి పడ్డాడు. టీవీలన్నీ ఆసుపత్రి ముందు కాపలా కాశాయి. నిందితుడి తలకి పది లక్షల వెల ప్రకటించడానికి ఐదు రోజులు పట్టింది. రెండేళ్ళ కిందట శంషాబాద్ దగ్గర డాక్టరమ్మాయిని చంపినప్పుడు దేశం దేశమే కొవ్వొత్తి పట్టుకుంది. పట్టుకోవలసిందే! కానీ సింగరేణి కాలనీ పాపకి కొవ్వొత్తులు ఆలస్యంగా, లెక్కపెట్టి వచ్చాయి. ఒక మంత్రి గారైతే ఎన్‌కౌంటర్ చేస్తామని మైకుల ముందే సెలవిచ్చారు. వారం రోజులకి నిందితుడు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రైలు పట్టాల మీద శవమయ్యాడు. కేసు ముగిసింది. బస్తీలో వీధి దీపం వెలిగిందా, తల్లిదండ్రులు పనికి పోయినప్పుడు పిల్లల్ని చూసే అంగన్‌వాడీ పెరిగిందా అని ఎవరూ అడగలేదు. చచ్చినవాడు చచ్చాడు కాబట్టి న్యాయం జరిగిపోయిందట!

దానికి నెల రోజుల ముందు, 2021 ఆగస్టు మొదటి వారంలో, వనస్థలిపురం పక్కన సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు ప్రాణాలతో పైకి రాలేదు. ఒకరు ఊపిరాడక పడిపోతే ఇంకొకరు కాపాడబోయి పోయారు. మనుషుల్ని ఇట్లా దించడం 2013 చట్టం ప్రకారం నేరం. దించినవాడికి మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. చనిపోయిన వాళ్ళ కుటుంబాలకి పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీం కోర్టు చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. అయినా పత్రికల్లో దాని పేరు "ప్రమాదం". గొలుసు తెంపితే నేరం, ప్రాణం తెంపితే ప్రమాదం! నగరంలో ఏ కులం వాళ్ళు ఆ గుంటలోకి దిగుతారో మేం రాయక్కర్లేదు.

2022 మే 4 రాత్రి సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద ఒక దళిత యువకుణ్ణి, పెళ్ళయిన మూడు నెలలకే, భార్య కళ్ళ ముందే, ఆమె అన్న చంపాడు. ఆ అమ్మాయి అడ్డం పడింది. చుట్టూ జనం. చాలామంది చేతుల్లో ఫోన్లున్నాయి. వీడియోలు బాగానే వచ్చాయి. ఆ అమ్మాయి ముస్లిం కాబట్టి కొన్ని పార్టీలు తెల్లారేసరికి ఆ శవాన్ని "హిందువు" చేసి జెండా కప్పాయి. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడ ఆసుపత్రి ముందు దళిత అల్లుణ్ణి హిందూ మామ సుపారీ ఇచ్చి నరికించినప్పుడు ఇదే పార్టీల నోట మాట ఎందుకు రాలేదు? బతికుండగా మాలోడు మాదిగోడు, చచ్చాక హిందువు! మేం ఇటు కూడా చెప్పాలి. మా ముస్లిం సోదరుల్లో కూడా దళితుడికి పిల్లనివ్వడమంటే పరువు పోయిందనుకునే వాళ్ళున్నారు. ఆ పరువు ఏ మతం నుంచి వచ్చినా దాని పుట్టుక కులమే.

ఇక అసలు సంగతికి వస్తాం. 2023 ఆగస్టు 15. పొద్దున జెండాలు ఎగిరాయి, మా బళ్ళో పిల్లలకి చాక్లెట్లు పంచాం. అదే రాత్రి ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఉన్న ఆడవాళ్ళని పోలీసులు ఠాణాకి తీసుకుపోయారు. రోడ్డు మీద న్యూసెన్స్ చేస్తున్నారన్నది పోలీసుల మాట. అందులో ఒకామె లంబాడీ తల్లి. కూతురి పెళ్ళికి డబ్బు సర్దుబాటు చేసుకోవడానికి బంధువుల ఇంటికి వెళ్ళి తిరిగి వస్తున్నానన్నది ఆమె మాట. ఎవరి మాట నిజమైనా, రాత్రంతా ఠాణాలో ఏం జరిగిందో ఆమె తొడలు చెప్పాయి. కమిలి నల్లబడ్డ ఆ వాతల్ని రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. బంధువులు, గిరిజన సంఘాలు ఠాణా ముందుకొచ్చాక ఒక హెడ్ కానిస్టేబుల్‌నీ ఒక మహిళా కానిస్టేబుల్‌నీ సస్పెండ్ చేశారు. హైకోర్టు తనంతట తానే కేసుగా తీసుకుంది.

న్యూసెన్స్ అంటే ఎంత నేరం? జరిమానాతో పోయేది. చీకటి పడ్డాక ఆడమనిషిని అరెస్టు చెయ్యకూడదని, తప్పనిసరైతే మహిళా అధికారి ముందుగా మెజిస్ట్రేటు అనుమతి రాయించుకోవాలని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 46వ సెక్షన్ చెప్పింది. 2024 జులై నుంచి వచ్చిన కొత్త కోడ్‌లో అదే 43వ సెక్షన్. కాలనీ ఇంటి ఆడపడుచు రాత్రి పదకొండింటికి అదే చౌరస్తాలో నిలబడితే "అమ్మా, ఆటో మాట్లాడమంటారా?" అంటారు. చీరకట్టు, మాట యాస, చేతి గాజులు చూసి కులం పసిగట్టే కన్ను ఆ లాఠీ వెనక ఉంది.

ఇది ఒక్క ఠాణా సంగతి కాదు. 2021 జూన్‌లో అడ్డగూడూరులో వంటమనిషిగా బతికే దళిత తల్లిని, పని చేసే ఇంట్లో డబ్బు పోయిందని తీసుకుపోయారు. ఆమె శవమై వచ్చింది. అది కూడా అప్పటి రాచకొండ కమిషనరేట్ కిందిదే. గొడవ పెద్దదయ్యాక ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్ళనీ ఉద్యోగం నుంచే తీసేశారు. 2023 ఫిబ్రవరిలో గొలుసు దొంగ అన్న అనుమానంతో మెదక్ పోలీసులు తీసుకుపోయిన ముస్లిం కూలీ గాంధీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. 2024 ఆగస్టులో షాద్‌నగర్ సంగతి బయటపడింది. బంగారం పోయిందన్న ఫిర్యాదు మీద ఒక దళిత స్త్రీని ఠాణాలో కొట్టారు. ఇన్‌స్పెక్టర్‌ని సస్పెండ్ చేశారు. వరస గమనించారా? పోయింది పైవాళ్ళ సొమ్ము. అనుమానం కింది వాళ్ళ మీద. రికవరీ అయితే కమిషనర్ గారి పట్టికలో ఒక అంకె మెరుగవుతుంది. ఒప్పుకోలు కోసం పడిన దెబ్బకి మాత్రం పట్టికలో గడి లేదు. సొత్తు రికవరీ శాతం పెరగాలని పైనుంచి ఒత్తిడి వస్తే అది కిందికి దిగి దిగి ఎవరి వీపు మీద ఆగుతుందో చూడండి.

ఈ కన్ను ఇవాళ్టిది కాదు. 1871లో తెల్లదొరలు కొన్ని జాతుల్ని జాతికి జాతిగా నేరస్థులని చట్టం చేశారు. మన దగ్గర ఎరుకల వాళ్ళని స్టువర్టుపురంలో పెట్టి హాజరు వేయించారు. చట్టం 1952లో రద్దయింది. హాజరు పుస్తకం మాత్రం పోలీసుల బుర్రలో ఉండిపోయింది. నగరంలో పదేళ్ళ పైనుంచి కార్డన్ సెర్చ్ అంటున్నారు. తెల్లవారకముందే వందల మంది పోలీసులు బస్తీని చుట్టేస్తారు. ఆధార్ చూపించు, బండి కాగితాలు చూపించు. గేటెడ్ కాలనీల మీద ఇట్లాంటి సోదా పడిందని మేం ఎన్నడూ వినలేదు. అక్కడ లక్షల్లో పన్ను ఎగ్గొట్టిన వాళ్ళు, రిజిస్ట్రేషన్లలో మోసం చేసిన వాళ్ళు, పని మనిషిని గదిలో పెట్టి కొట్టే వాళ్ళు ఉండరా?

మరి పోలీసులే వద్దంటారా అని అడిగేవాళ్ళుంటారు. అట్లా అనడం లేదు. దొంగ పేదోడి ఫోను కూడా ఎత్తుకుపోతాడు. ఆటో నడిపే తమ్ముడికి ఆ ఫోనే బతుకుతెరువు. మన బస్తీల్లో గంజాయి కుర్రాళ్ళని పాడుచేస్తోంది. తాగొచ్చి కొట్టే మగాళ్ళు మన కులాల్లోనూ ఉన్నారు. మన ఆడవాళ్ళు చెంప వాచి ఠాణాకి పోతే "కాపురం అన్నాక ఉండవా?" అని తిప్పి పంపుతారు. మన సంఘం నాయకులు కొందరు కూడా ఆ మాటే అంటున్నారు, సిగ్గుపడాలి. మనకి పోలీసు కావలసినప్పుడు పోలీసు రాడు, అక్కర్లేనప్పుడు మాత్రం లాఠీతో వస్తాడు. ఇదీ మా గోడు. ఠాణాలో కానిస్టేబుళ్ళుగా, హోంగార్డులుగా మన పిల్లలూ ఉన్నారు. వాళ్ళ చేతే మన వాళ్ళని కొట్టించడం ఈ వ్యవస్థ తెలివి. పోలీసులు ఎక్కువుంటే భద్రత ఎక్కువన్న మాటకి చుండూరే జవాబు. 1991 ఆగస్టు 6న పోలీసులు ఊళ్ళోనే ఉండగా ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు.

కెమెరాల సంగతి ఇంకొంచెం చెప్పాలి. వీధిలో కెమెరా పెట్టమని కాలనీ వాళ్ళ దగ్గర చందాలు పోగుచేయిస్తారు. ఠాణాలో కెమెరా సంగతో? 2020 డిసెంబర్ 2న సుప్రీం కోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రతి ఠాణాలో వచ్చే దారి, పోయే దారి, లాకప్పు, వరండా, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, వెనక ఆవరణ, ఏదీ వదలకుండా కెమెరాలుండాలి. రాత్రి కూడా కనపడాలి, మాట కూడా వినపడాలి. పద్దెనిమిది నెలలు, అది వీలుకాని చోట కనీసం ఏడాది, ఆ రికార్డు దాచాలి. ఠాణాలో దెబ్బలు తిన్నవాళ్ళ కేసు మానవ హక్కుల కమిషన్ ముందుకో కోర్టు ముందుకో వెళితే ఆ రికార్డు తెప్పించవచ్చు. దేశంలో ఇది సరిగ్గా అమలు కావడం లేదని 2025 సెప్టెంబర్‌లో సుప్రీం కోర్టే మళ్ళీ తనంతట తాను కేసు తీసుకోవలసి వచ్చింది. మిర్చి బండి దగ్గర నిలబడ్డ మనిషి మొహం ఎన్నోసార్లు రికార్డవుతుంది. లాకప్పు పక్క గదిలో లాఠీ లేచిన క్షణానికి మాత్రం కెమెరా చెడిపోయి ఉంటుంది. ఎంత బుద్ధి గల యంత్రం!

సస్పెన్షన్‌ని చూసి మనం చప్పట్లు కొట్టకూడదు. సస్పెన్షన్ శిక్ష కాదు, సగం జీతంతో సెలవు. ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి మన చేతిలో ఉంది. కారంచేడు, నీరుకొండల నెత్తురు లేకుండా దాని చరిత్ర చెప్పలేం. చుండూరు తర్వాత అది మనకి ఇంకా అవసరమైంది. దళితుల ఫిర్యాదు రాయకుండా కావాలని నిర్లక్ష్యం చేసిన దళితేతర అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలని నాలుగో సెక్షన్ చెప్తుంది. 2018 మార్చిలో సుప్రీం కోర్టు తీర్పుతో ఆ చట్టం కోరలు పీకేస్తే ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేసి ప్రాణాలిచ్చాం. ఆ ఏడే పార్లమెంటు 18-ఎ సెక్షన్ పెట్టింది. దాని ప్రకారం ఎఫ్.ఐ.ఆర్. రాయడానికి ముందు "ప్రాథమిక విచారణ" అక్కర్లేదు. కాబట్టి "ఎంక్వయిరీ చేసి రాస్తాం, రేపు రా" అన్న ఎస్సై చట్టం తెలియనివాడైనా కావాలి, తెలిసి తప్పుతున్నవాడైనా కావాలి.

1995 నిబంధనల ప్రకారం జిల్లా నిఘా కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర కమిటీ ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జులైలో కూర్చోవాలి. రంగారెడ్డి, హైదరాబాద్ జిల్లాల కమిటీలు చివరిసారి ఎప్పుడు కూర్చున్నాయి, ఈ చుట్టుపక్కల ఠాణాల కేసుల్లో ఏం అడిగాయి? సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు చాలు, పది రూపాయలు. ప్రతి బస్తీ సంఘం ఆ పని ఈ పక్షంలో చెయ్యాలని అడుగుతున్నాం. అదే దరఖాస్తులో ఇంకో మాట రాయండి. మీ ఠాణాలో కెమెరాలెన్ని, అందులో పని చేస్తున్నవెన్ని, మాట రికార్డవుతుందా, ఎన్ని నెలలు దాస్తున్నారు?

ఎవరినైనా ఠాణాకి తీసుకుపోతే బస్తీ నుంచి ఇద్దరు వెనకే వెళ్ళండి, ఒకరు ఆడమనిషై ఉండాలి. తీసుకుపోయిన టైము, వదిలిన టైము రాసుకోండి. దెబ్బలుంటే ఇంటికి కాదు, ముందు సర్కారు ఆసుపత్రికి పోయి మెడికో లీగల్ కేసుగా రాయించండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. రాయనంటే అదే ఫిర్యాదు పై అధికారికి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. రసీదు లేని కోపం మర్నాటికి చల్లారుతుంది.

దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, చైతన్యపురి, ఎల్.బి.నగర్, వనస్థలిపురం, సైదాబాద్‌లలో ఎక్కడైనా ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపి ఉంటే తేదీ, ఠాణా, ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసి మాకు చేర్చండి. చదువు రాని తల్లులు చెప్తే పక్కింటి పిల్లల చేత రాయించండి. మీ పేరు అచ్చు వెయ్యం. వచ్చిన వాటిని ఠాణాల వారీగా విడదీసి వచ్చే సంచికలో పట్టికగా వేస్తాం. డిసెంబర్‌లో కమిషనర్ గారు తమ పట్టిక చూపించే రోజున విలేకరుల చేతుల్లో మన పట్టిక కూడా పెడతాం.